తీర్పరియే వర్తకుడైనచో

దేశమెంత విశాలమైనదైనను, దానిని చూచు కన్ను ఒక్కచోటనే నిలిచియున్నయెడల, చేరువనున్న మిట్ట కొండవలెను, దూరముననున్న కొండ మిట్టవలెను తోచుట సహజము. ఇది రాజకీయములయందే కాదు, క్రీడలయందును సత్యమే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశ్వవిద్యాలయముల జట్ల యోగ్యతను తూచుటలో దేశవ్యాప్తములైన పత్రికలును, టెలివిజను సంస్థలును ప్రాంతీయ పక్షపాతము చూపుచున్నవను ఫిర్యాదు చిరకాలముగా వినవచ్చుచున్నది. ఎక్కడి ఆటలు, ఎక్కడి అమెరికా, మనకేల ఈ చర్చ యని మా పాఠకులలో కొందరు ప్రశ్నింపవచ్చును. నేడు వేలకొలది తెలుగు విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయములలో చదువుచున్నారనుట ఒక కారణము. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. ఒక ప్రాంతపు యోగ్యతను మరియొక ప్రాంతపు పత్రికలు తూచుట యెట్టిదో తెలుగువారు అనుభవమున నెరిగినవారు. ఆ మాట తుదను చెప్పెదము.

మొదట ఆ దేశపు ఆచారమును కొంత తెలిసికొనవలెను. అచ్చట ఫుట్‌బాల్ అనునది మన మెరిగిన కాలిబంతి కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి, ఎదుటిపక్షమువారిని త్రోసికొనుచు, గజము గజముగా ముందునకు సాగు ఆట యది. లక్షమందికి పైగా ప్రేక్షకులు కూర్చుండదగిన క్రీడాస్థలములు కొన్ని విశ్వవిద్యాలయములకు కలవు. జట్లు నూటికి పైబడియుండుటచేత ప్రతి జట్టును ప్రతి జట్టుతో ఆడుట పొసగదు. కావున ఎవరు గొప్పయను ప్రశ్నను అభిప్రాయమువలన తేల్చు వాడుక యేర్పడినది. 1936 మొదలు అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ క్రీడావిలేఖరుల ఓట్లను గైకొని, వారము వారము జట్లకు వరుస నిర్ణయించుచున్నది. చిరకాలము దేశపు విజేత యెవరనుటకు ఇట్టి ఓట్లే ప్రధానాధారము. 2014లో నాలుగు జట్ల తుదిపోటీయు, 2024లో 12 జట్ల తుదిపోటీయు ఏర్పడినవి. కొన్ని స్థానములు కూటముల విజేతలకు ప్రత్యేకింపబడినను, జట్ల వరుసను నిర్ణయించునది మరల ఒక సంఘమే. తక్కిన ఆటలలో పత్రికలు ఫలితమును ప్రకటించును. ఈ ఆటలో ఫలితమున కొంత భాగమును పత్రికలే పుట్టించినవి. ఈ సంగతి గ్రహించినగాని ఫిర్యాదులోని తీవ్రత మనకు బోధపడదు.

ఈ పక్షపాతమునకు చరిత్ర పెద్దదే. 1889లో మొట్టమొదటిసారిగా అఖిల అమెరికా జట్టు అనుపేర పదునొకండుగురు ఉత్తమ క్రీడాకారులను ఏరినప్పుడు, ఆ పదునొకండుగురును హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ అను మూడు తూర్పు విద్యాలయములవారే. ఏరినవారును తూర్పువారే. ఇట్టి జట్లను ఏటేట ప్రకటించి ప్రసిద్ధి గాంచిన యేల్ పెద్ద వాల్టర్ క్యాంప్ తన మొదటి జట్టున ఒక పడమటి క్రీడాకారునకు, షికాగో విశ్వవిద్యాలయపు క్లారెన్స్ హెర్ష్‌బర్గర్‌కు, చోటిచ్చుటకు 1898 వరకు పట్టినది. కాకిపిల్ల కాకికి ముద్దనుట లోకసహజము. కాని ఆ కాకి తన పిల్లనే దేశమునకెల్ల హంసయని చాటినచో, దానిని ముద్దని సరిపెట్టుకొనుట యెట్లు?

దక్షిణ రాష్ట్రముల జట్లను గూడ తూర్పు పత్రికలు చాలకాలము చిన్నచూపు చూచినవి. 1926 జనవరి 1వ తేదీన కాలిఫోర్నియాలోని రోజ్‌బౌల్ పందెమున అలబామా జట్టు వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు జట్టును 20-19తో ఓడించిన పిమ్మటగాని దక్షిణదేశపు ఆటకు తగిన గౌరవము కలుగలేదు. నేడో, ఆ దక్షిణమే ఆగ్నేయ కూటమి యనుపేర పెత్తనము వహించి, తక్కినవారిచే నిందింపబడుచున్నది. 2006 మొదలు 2012 వరకు వరుసగా ఏడేండ్లు దేశవిజేతలు ఆ కూటమివారే. నిన్నటి కోడలు నేటి అత్తయైనది. పడిన బాధలు మరపునకు వచ్చినవి.

పడమటి తీరమువారి కష్టము వేరు. దానికి మూలము ద్వేషము కంటె గడియారమే యనవలెను. పసిఫిక్ తీరమునకును తూర్పు తీరమునకును మూడుగంటల యంతరము కలదు. టెలివిజను సంస్థలు రాత్రివేళను నింపుకొనుటకు పడమటి జట్ల ఆటలను పలుమారులు సాయంకాలము 7-30 గంటలకు పెట్టించును. అప్పటికి న్యూయార్కున రాత్రి 10-30. ఆట ముగియువేళకు అచ్చట అర్ధరాత్రి దాటి చాలసేపగును. తూర్పు విలేఖరి అప్పటికే నిద్రించును. ఉదయమున లేచి అంకెలు మాత్రము చూచి అభిప్రాయమేర్పరచుకొనును. ఆటను చూచినవాని తూకమును, అంకెను చూచినవాని తూకమును ఒక్కటి యగునా?

1935 నుండి న్యూయార్కువారు ఇచ్చుచున్న హైస్మన్ బహుమానమును చూడుడు. ఏటికొక్క ఉత్తమ క్రీడాకారునకు అది దక్కును. దానికై దేశమును ఆరు ప్రాంతములుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతమునందలి విలేఖరులకు 145 ఓట్లు ఏర్పరచినారు. పూర్వవిజేతలకును ఓటు కలదు. పైకి చూడ ఇంతకంటె సమానత్వమేమి కావలెను? ఐనను 2015లో జరిగినదేమి? కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విద్యార్థి క్రిస్టియన్ మెకాఫ్రీ ఒక్క సంవత్సరమున సాధించిన గజముల లెక్కలో, 1988లో బారీ శాండర్స్ నెలకొల్పిన 3,250 గజముల రికార్డును బహుమాన నిర్ణయమునకు ముందే దాటెను. ఏడు ముగియునప్పటికి ఆ లెక్క 3,864 గజములకు చేరెను. అతని ఆటలలో పెక్కులు తూర్పువారు నిద్రించువేళ జరిగినవి. బహుమానము అలబామా జట్టువాడైన డెరిక్ హెన్రీకి దక్కెను.

హెన్రీ తక్కువవాడని మేమనము. శాండర్స్ కంటె మెకాఫ్రీ ఎక్కువ ఆటలాడెననుటయు నిజమే. ముందటి యేడు పడమటి ఆరిగాన్ జట్టుకు చెందిన మార్కస్ మారియోటాకు అదే బహుమానము వచ్చినది గనుక, పడమటివారికి తలుపు పూర్తిగా మూయబడినదనుటయు న్యాయము కాదు. మేము చెప్పునది ఇంతమాత్రమే: ఓట్లను సమానముగా పంచిన మాత్రమున చూపు సమానము కాదు. చూడని ఆటకు న్యాయము చేయుట ఎంత సజ్జనునకైనను అసాధ్యము.

ఈ బహుమాన చరిత్రలోనే స్మరింపదగిన మరియొక సంగతి కలదు. 1937లో హైస్మన్ బహుమానము యేల్ విద్యార్థి క్లింట్ ఫ్రాంక్‌కు వచ్చినది. రెండవస్థానమున నిలిచినవాడు పర్వతప్రాంతమగు కొలరాడో విశ్వవిద్యాలయపు విద్యార్థి బైరన్ వైట్. ఈతడే పిదప అమెరికా అత్యున్నత న్యాయస్థానమున న్యాయమూర్తి యయ్యెను. 1984లో కళాశాలల ఆటల ప్రసారమును గూర్చిన వ్యాజ్యము ఆయన యెదుటికి వచ్చినది. అంతకుముందు కళాశాలల జాతీయ క్రీడాసంఘము ప్రసారములను తన యదుపున నుంచుకొని, రెండేండ్లలో ఏ జట్టును 6 సార్లకు మించి చూపరాదనియు, అందు దేశమంతటికి చూపుట 4 సార్లకు మించరాదనియు, ఒక్కొక్క ప్రసారసంస్థ కనీసము 82 వేర్వేరు విద్యాలయములకు అవకాశమీయవలెననియు నియమము విధించెను. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయములు ఈ నియమము వర్తకస్వేచ్ఛకు భంగమని వ్యాజ్యము తెచ్చి, ఏడుగురు న్యాయమూర్తుల తీర్పుతో గెలిచినవి. భిన్నాభిప్రాయము ప్రకటించిన యిద్దరిలో వైట్ ఒకడు. విద్యాలయముల క్రీడలను కేవలము వర్తకముగా భావించుట తప్పని ఆయన వాదము.

ఆ తీర్పు స్వేచ్ఛ నిచ్చినది; సందేహము లేదు. గుత్తాధిపత్యము మంచిదని వాదించుట మా యుద్దేశము కాదు. కాని ఆ స్వేచ్ఛ యెవరి పాలబడినది? ఏ జట్టుకు ప్రేక్షకులు మెండుగా నుందురో ఆ జట్టునే మాటిమాటికి చూపిరి. చూపినకొలది దానికి ఖ్యాతియు, ఖ్యాతి పెరిగినకొలది ధనమును, ధనము పెరిగినకొలది మేలైన క్రీడాకారులును చేరిరి. చిన్న ప్రాంతముల జట్లకు కనీసపు వాటానిచ్చు నియమము పోయినది. దాని స్థానమున మరియొక రక్షణ ఏర్పడలేదు.

తుదకు 2023 డిసెంబరులో ఈ వివాదము దేశమంతట రగిలినది. ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టు ఆడిన 13 ఆటలును గెలిచి, తన కూటమికి విజేతయైనను, నాలుగు జట్ల తుదిపోటీకి పిలువబడలేదు. ఒక ఆట యోడిన అలబామా పిలువబడినది. ఫ్లారిడా జట్టు నాయకక్రీడాకారుడు గాయపడుటచేత జట్టు బలము తగ్గినదని నిర్ణయసంఘమువారు సమాధానము చెప్పిరి. తుదిపోటీని ప్రసారముచేయు ఇ.ఎస్.పి.ఎన్. సంస్థయే ఆగ్నేయ కూటమి ఆటల హక్కులను గూడ కొనియున్నది గనుక, ఆ సంస్థ వ్యాఖ్యాతల ప్రచారము నిర్ణయమును ప్రభావితము చేసినదని పలువురు నిందించిరి. ఆ సంస్థకు ఫ్లారిడా స్టేట్ చేరిన కూటమితోను ఒడంబడిక కలదు గనుక ఈ నింద తిన్నగా నిలువదు. ఓటు వేసినది సంఘమేగాని సంస్థ కాదు. పిదప డిసెంబరు 30న జార్జియా చేతిలో ఆ జట్టు 63-3తో చిత్తుగా ఓడినది. కాని పలువురు ముఖ్యక్రీడాకారులు అప్పటికే ఆడక తప్పుకొనియుండిరి. ఈ లెక్కలనుబట్టి ఎవరి వాదము వారు నెగ్గించుకొనవచ్చును. మాకు తోచు దోష మొక్కటే. ఆటను అమ్ముకొను సంస్థయు, ఆటను విమర్శించు సంస్థయు ఒక్కటియైనప్పుడు, న్యాయమైన నిర్ణయమునైనను జనులు నమ్మరు. కంచె చేను మేసినదో లేదో నిరూపింపలేకపోవచ్చును. కంచెకు నోరున్నదని తెలిసిన పిమ్మట రైతుకు నిద్రపట్టదు.

పడమటివారి కథ యింకను విషాదకరము. 1915లో స్థాపింపబడిన పసిఫిక్ తీరపు కూటమి, నూరేండ్లు దాటిన సంస్థ, రెండేండ్లలో శిథిలమైనది. 2022లో లాస్‌ఏంజలీస్‌లోని రెండు విశ్వవిద్యాలయములు అధికధనమునకై వేరు కూటమికి పోవుచున్నట్లు ప్రకటించినవి. 2023లో తక్కినవారు ఒకరివెంట ఒకరు వెడలిపోయిరి. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములు చేరినది అట్లాంటిక్ తీరపు కూటమియందు! పసిఫిక్ జలములయొడ్డుననుండి అట్లాంటిక్ తీరవాసులమని చెప్పుకొనవలసివచ్చినది. లాస్‌ఏంజలీస్ విద్యార్థి న్యూజెర్సీకి ఆడబోవలెనన్న నాలుగువేల కిలోమీటర్లకు దగ్గర దూరము. చదువెప్పుడు, ఆటయెప్పుడు? ఆరిగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అను చిన్న పట్టణముల విద్యాలయములు రెండు మాత్రము ఖాళీయింటిలో మిగిలినవి. ఆ చివరియేటనే ఆ కూటమి విజేతయైన వాషింగ్టన్ విశ్వవిద్యాలయము ఓటమి యెరుగక దేశపు తుదియాట వరకు వచ్చినదనిన, కూటమి పతనమునకు ఆటలోని లోపము కారణము కాదని తేటపడుచున్నది. కూటమి పెద్దల పొరపాట్లును తక్కువ కావు. 2012లో వారు నెలకొల్పిన సొంత టెలివిజను సంస్థ దేశమున తగినన్ని యిండ్లకు చేరనేలేదు. దేశము చూడని ఆటకు వెల పలుకలేదు; వెల పలుకని ఆటను ఆడువారు నిలువలేదు.

దీనికి పరిహారమేమి? పక్షపాతము మనుష్యహృదయమున నుండక మానదు గనుక, దానిని అణచు ఏర్పాట్లే కావలెను. ప్రసారహక్కులు కొన్న సంస్థకు ఆ ఆటలలో తనకుగల ధనసంబంధమును విమర్శ చెప్పునప్పుడెల్ల ప్రకటింపవలసిన బాధ్యత యుండవలెను. ఓటు వేయువాడు తాను ఏయే ఆటలను పూర్తిగా చూచెనో తెలుపవలెను. ప్రసారముల ఆదాయమున చిన్న విద్యాలయములకు కనీసపు వాటా యుండవలెను. అన్నిటికంటె మిన్నగా, ఆయా ప్రాంతములకు తమ సొంత పత్రికలు బ్రతికియుండవలెను. ఆ దేశమున స్థానిక పత్రికలు నానాట క్షీణించుచుండుట ఈ వ్యాధిని ముదురబెట్టుచున్నది.

ఇక మా సొంతమాట. చెన్నపురి రాజధానిలో తెలుగుజిల్లాలు కలిసియున్న దినములలో, తెలుగువాడు ఉత్తరదేశమువారికి ఉత్త మదరాసీ. వాని భాష వేరనియు, చరిత్ర వేరనియు చెప్పువారెవరు? 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసినది. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను స్థాపించి, 1914లో దానిని చెన్నపురికి తరలించి దినపత్రిక గావించిరి. పరులు మనలను చూడలేదని విలపించుటతో వారు తృప్తిపడలేదు. మనకు మన కన్నులిచ్చిరి. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు పునాదులు ఆ పత్రికల పుటలలోను, వానిని బిగ్గరగా చదివి వినిపించిన పఠనమందిరములలోను పడినవి.

ఆ వారసత్వము మనకు గర్వకారణమైనచో, మనలను మనము ప్రశ్నించుకొనవలెను. మన జిల్లాకళాశాలల బాలురును బాలికలును ఎండలో ఆడు కబడ్డీకిని, పరుగుపందెములకును మన పత్రికలు ఎన్ని పంక్తులు కేటాయించుచున్నవి? రాజధానీనగరపు ఆటకు పుట యంతయు నిచ్చి, మారుమూల కళాశాల విజయమును మూలనుబెట్టు అలవాటు మనలోనులేదా? ఈ తప్పున మాకును పాలు కలదని ఒప్పుకొనుచున్నాము. సముద్రముల కావలి అన్యాయమును చూచి నవ్వుట సులభము. మన యూరి క్రీడాస్థలమున నేటి సాయంకాలము ఎవరు గెలిచిరో తెలిసికొని, రేపటి పత్రికలో వ్రాయుట, వ్రాసినదానిని పఠనమందిరమున నలుగురు చదువుట – మన చేతనైన న్యాయము అక్కడ ఆరంభమగును.