నవ్వు వెనక బట్టల బకెట్

2007లో నేను సంగారెడ్డిలో ఇంటర్ చదువుతున్నాను. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మాత్రల ప్యాకింగ్ పని ముగించుకుని వచ్చే పక్కింటి వదిన, చీర ఎగదోపి నేరుగా బట్టల బకెట్ ముందు కూర్చునేది. ఓ సాయంత్రం లోపల టీవీలో అమూల్ మాచో ప్రకటన వస్తోంది. కొత్త పెళ్లికూతురు రేవుకొచ్చి భర్త లోదుస్తును కవ్వింపుగా ఉతుకుతుంటే, చుట్టూ ఉన్న ఆడవాళ్లు కళ్లప్పగించి చూస్తుంటారు. అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. వదిన ఒక్కతే నవ్వలేదు.

"నీకు జోకు సమజ్ కాదే అమ్మా" అన్నాడు కొడుకు.

"ఆమె పిండేది ఒక్కటే గద బిడ్డ. ఈడ బకెట్ నిండ ఉన్నయి" అంది వదిన.

సాహిత్యంలో డాక్టరేట్ చేశాక గానీ ఆ విమర్శ లోతు నాకు అర్థం కాలేదు.

హాస్య ప్రకటన మనతో వాదించదు. వాదిస్తే మనమూ ఎదురు వాదిస్తాం కదా! భర్త బట్టలు ఉతకడమే భార్యకు పరమానందమని ఎవరైనా వేదికెక్కి చెబితే ఊరుకుంటామా? అదే మాటను నవ్వులో చుట్టి ఇస్తే గుటుక్కున మింగేస్తాం. నవ్వు ముందొస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. ఆ సందులోనే బ్రాండు పేరూ, దాని వెంట ఇల్లాలి చాకిరీ సహజమన్న భావమూ లోపలికి చేరిపోతాయి. ఎవరైనా నిలదీస్తే "అబ్బ, జోకే కదా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇక తప్పు ప్రకటనది కాదు, నవ్వలేని ఆడదానిది!

ఆ ప్రకటనను 2007లోనే కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆపించింది. ఎందుకు? అసభ్యంగా ఉందని. ప్రభుత్వానికి ఆమె కోరిక కనిపించింది కానీ ఆమె చాకిరీ కనిపించలేదు. అదే పెళ్లికూతురు తలవంచుకుని బుద్ధిగా ఉతికి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ప్రకటనల రేవులో నీళ్లెప్పుడూ తేటగానే ఉంటాయి. మా నక్కవాగు సంగతి వేరు. అదే 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి "శుద్ధి" అయి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చెప్పారు. మాత్రలు ప్యాక్ చేసే స్త్రీ, ఆ నీటి పక్కన బతికే స్త్రీ, ఇంటికొచ్చి బట్టలు ఉతికే స్త్రీ ఏ ప్రకటనలోనూ కనబడరు. రేవులో కులికే పెళ్లికూతురు మాత్రమే కనబడుతుంది.

ఉతకడం ఒక్క ఆడవాళ్ల పనేనా అని 2015 నుంచి ఏరియల్ ప్రకటనలు అడుగుతున్నాయి. సంతోషమే. కాకపోతే ఆ ప్రశ్న కూడా సబ్బుపొడి అమ్మడానికే. ఇంటిపని ఆడవాళ్ల సొంతమన్నట్టు చూపొద్దని ప్రకటనల రంగపు స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ తామే రాసుకున్న నియమాలను వ్యాపారులు తామే పాటిస్తారని చేతులు కట్టుకు కూర్చుందామా?

నవ్వు నాలుగు విధాల చేటని మన నోళ్లు మూయించిన సమాజమే, ఇప్పుడు మనల్ని చూసి మనమే నవ్వుకోమంటోంది. నాకు నవ్వంటే పేచీ లేదు. వదిన జవాబులోనూ హాస్యం ఉంది. అయితే అది చాకిరీని దాచిపెట్టలేదు, బయటపెట్టింది. ఈసారి ప్రకటన చూసి నవ్వొస్తే నవ్వండి. నవ్వాక ఒక్క క్షణం ఆగి, బకెట్ ఎవరి ముందుందో చూడండి.