సంచిలో నిప్పు



వార్షికోత్సవ సంచికకు వ్యాసం అనగానే చదువు గొప్పతనం గురించో, క్రమశిక్షణ గురించో రాయడం మనకు అలవాటు. మేమూ ఇదివరకు అవే రాశాం. ఈసారి అగ్గిపెట్టె గురించి రాస్తున్నాం. నవ్వకండి. చంద్రశేఖరపురం చుట్టుపక్కల పుట్టి, సెలవు దొరికితే చాలు కొండల్లోకి బయలుదేరే మనకు ఇది ప్రాణంతో పని.

ఇంటర్ చదివే రోజుల్లో ఒక కార్తీక మాసం ఆరుగురం కలిసి భైరవకోన వెళ్లాం. రాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలూ చూసి, జలపాతం కింద తడిసి ఇంటికి రావాల్సిన వాళ్లం, రాకుండా కొండెక్కాం. తప్పే. పొద్దు వాలే వేళకు వాన పట్టుకుంది. దారి తప్పాం. జేబులో ఉన్న ఒకే ఒక్క అగ్గిపెట్టె నాని ముద్దయింది. గీస్తే పుల్లల తలలు ఊడి వస్తున్నాయి. లైటరు చక్రం తడిసి రవ్వ రాలలేదు. మాలో ఒకడు చాలాసేపు వణికి, తర్వాత వణుకు మానేసి తడబడుతూ మాట్లాడసాగాడు. వణుకు తగ్గింది కదా, మంచిదే అనుకున్నాం. ఒళ్లు చల్లబడిన మనిషికి వేడి అందకుండానే వణుకు ఆగిపోవడం చాలా ప్రమాద సూచన అని మాకు తర్వాత తెలిసింది.

బండ చరియ కింద తలదాచుకున్న ఒక మేకల పెద్దాయన మా కేకలు విని పిలిచాడు. షుగర్ మాత్రల ఖాళీ డబ్బీ తీశాడు. అందులో పన్నెండు పుల్లలు, అగ్గిపెట్టె పక్కనుండే గీసే పట్టీ ముక్క, నాలుగు కర్పూరం బిళ్లలు. సంచిలోంచి వేలెడు సైకిల్ ట్యూబు ముక్క తీసి కర్పూరం మీద పెట్టాడు. చెట్టునే ఎండిన సన్నటి పుల్లలు విరిచి పేర్చాడు. మూడో పుల్లకు మంట లేచింది. ట్యూబు కంపు భరించలేం గానీ, తడి పుల్లల్ని కూడా అది అంటించింది. "అగ్గంతా ఒక్క జోబులో పెట్టుకుంటారా అయ్యా?" అని ఒక్క మాటే అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే అసలు విషయమంతా ఉంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్క పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ కలిస్తేనే నిప్పు. పుల్లలు భద్రంగా ఉన్నా పట్టీ తడిస్తే అవి దండగ. కాబట్టి రెండింటినీ బిగుతు మూత డబ్బీలో పెట్టి, అలాంటి డబ్బీలు రెండు చేసి ఒకటి సంచిలో, ఒకటి ఒంటి మీద ఉంచుకోవాలి. 2021 డిసెంబరులో అగ్గిపెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది. అయినా ఇంతకంటే చవకైన రక్షణ మరేదీ లేదు. కర్పూరం గాలి తగిలితే హరించుకుపోతుంది కనుక డబ్బీ మూత తప్పనిసరి. లైటరు మంచిదే. తడిస్తే ఊది ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది, గ్యాసు అయిపోయినా రవ్వ వస్తుంది. కానీ మన మార్కాపురం, గిద్దలూరు ఎండల్లో బండి మీద వదిలేస్తే పగిలిపోవచ్చు. ఇక సీసాలో పెట్రోలు తీసుకెళ్లే వీరులున్నారు. ఆవిరికే భగ్గుమనే దాన్ని సంచిలో మోయడం వీరత్వం కాదు.

ఫోనులో ఆర్డరు పెడితే రవ్వలు రాలే కడ్డీ కూడా వస్తుంది. నీళ్లలో పడ్డా పనిచేస్తుంది. వాజిలిన్ రాసిన దూది పింజను విప్పి దాని మీద రవ్వలు రాల్చాలి. ముందు సాధన చేయకపోతే చీకట్లో చేతకాదు. పీజీలో చేరాక ఒక స్నేహితుడు దీన్ని గొప్పగా చూపించాడు. మాకు వెంటనే చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూది గుర్తొచ్చాయి. జన విజ్ఞాన వేదిక పిల్లల పత్రికకు 'చెకుముకి' అని పేరు పెట్టింది ఆ రాయి పేరే కదా! మా నాన్న సంచిలోనూ డబ్బీ, దూది, ట్యూబు ముక్క ఉండేవి. డిగ్రీ రోజుల్లో బస్సులో ఆ సంచి మా పక్కన పెడితే మొహం కిటికీ వైపు తిప్పుకున్న వాళ్లం మేము. అదే సామాను రంగు సంచిలో పెట్టి ఎక్కువ ధరకు అమ్మితే మెచ్చుకున్నాం.

అయితే నిప్పు వెంట ఉండటం వేరు, వెలిగించడం వేరు. మాఘం నుంచి వైశాఖం దాకా నల్లమలలో ఆకు గలగలమంటుంది. శివరాత్రి నడక సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో కార్చిచ్చు మధ్య చిక్కి ఇరవై మందికి పైగా నడక యాత్రికులు చనిపోయారు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. వంటకని పొయ్యి పెట్టేవాళ్లతో మేము ఏకీభవించం. అటుకులు, బెల్లం, వేరుశనగ పప్పులు కట్టుకుంటే పొయ్యితో పనేముంది?

అసలు అగ్గిపెట్టే వద్దనేవారి వాదన కూడా మాకు ఒప్పుదల కాదు. ఆ రాత్రి మా మిత్రుడి పక్కన కూర్చున్నవాడు ఆ మాట అనలేడు. చెక్‌పోస్టులో ఇచ్చేయమంటే మాత్రం వాదించకుండా ఇచ్చేయాలి. అందుకే పొడి చొక్కా ఒకటి, నాలుగు గజాల ప్లాస్టిక్ పట్టా ఒకటి డబ్బీ కన్నా ముందు సర్దుకోండి. మేము ఆ రెండూ తీసుకెళ్లి ఉంటే ఆ రాత్రి అసలు నిప్పే అక్కర్లేకపోయేది.

తెల్లవారాక పెద్దాయన గుంటలో నిలిచిన వాన నీళ్లు బూడిద మీద పోయించాడు. కర్రతో కలియబెట్టి మళ్లీ పోయించాడు. చెయ్యి వెనక్కి తిప్పి బూడిద మీద ఆనించి చూశాడు. ఆ తర్వాతే డబ్బీ తెరిచి పుల్లలు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది ఉన్నాయి. మూత బిగించి మేకల వెనక వెళ్లిపోయాడు.