జరం తగ్గితే జబ్బు పోయినట్టేనా?

చౌటుప్పల్ నుంచి నారాయణపూర్ పోయే తొవ్వల మా తండా. నాలుగేండ్ల కింద అక్కడ ఒక మూడేండ్ల పిల్లగానికి ఏడు రోజులు జరం దిగలే. కండ్లు ఎర్రబడ్డయి, పెదవులు పగిలినయి. ఒక దవాఖానల తట్టు అన్నరు, ఇంకో దగ్గర వైరల్ అన్నరు. జరం దానంతటదే తగ్గినంక వేళ్ల కొసల తోలు ఊడింది. "తగ్గింది గదా, తోల్కపోండి" అన్నరు. గుండెకు ఎకో తియ్యాలని ఎవ్వరూ చెప్పలే.

ఈ లక్షణాలన్నీ ఉండే జబ్బు ఒకటుంది. 1967ల జపాన్ పిల్లల డాక్టర్ తొమిసాకు కవాసాకి దాన్ని లోకానికి చెప్పిండు, ఆయన పేరే దానికి పెట్టిన్రు. రక్తనాళాలు వాచే జబ్బు. జరమొచ్చిన 10 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కియ్యాలె, కిలోకు 2 గ్రాములు. ఎక్కియ్యకపోతే దాదాపు నలుగురిలో ఒకరికి గుండె నాళాలు బుడగల్లెక్క ఉబ్బుతయి. దద్దుర్ల ఫోటోలు పుస్తకాలల్ల ఎక్కువ తెల్లతోలు పిల్లలయే. మన పిల్లల నల్లని ఒంటి మీద ఆ ఎరుపు అంత తేటగ కనబడదు. తప్పు మన తోలుదా, చూసేటోళ్ల చదువుదా?

నా అసలు కొట్లాట తర్వాతి ఏండ్ల గురించి. చిన్న ఉబ్బులు చాలావరకు ఒకట్రెండు ఏండ్లల్ల సర్దుకుంటయి, కానీ ఆ నాళం గోడ మునుపటిలెక్క ఉండదు. కొందరికి సన్నబడ్తది, రక్తం గడ్డకడ్తది. 8 మిల్లీమీటర్లు దాటిన ఉబ్బుంటే బతికినన్నాళ్లు చూపించుకోవాలె. బయటికి మాత్రం ఏమీ తెల్వదు. ఇరవై ఏండ్లకు పోలీసు ఉద్యోగానికి పరుగు తీస్తుంటే కూలబడ్తడు. "తాగుబోతు" అంటరు. మూడేండ్లప్పటి జరం ఎవరికి యాదుంటది? అమ్మానాన్న వలస, పిల్లగాడు హాస్టల్, డిశ్చార్జి కాగితం వానల నానిపోయింది.

2013 నుంచి ఆర్‌బీఎస్‌కే టీములు బడులకు వస్తున్నయి. వాళ్ల లిస్టుల పుట్టుకతో వచ్చే గుండె జబ్బుంది, రుమాటిక్ గుండె జబ్బుంది, కవాసాకి లేదు. 2023ల సికిల్ సెల్ మిషన్ పెట్టి కార్డులు పంచుతున్నరు, మంచిదే. అంటే కార్డు ఇచ్చుడు సర్కారుకు చేతనైతది. జపాన్ల కవాసాకి వచ్చిన పిల్లలకు కూడా కార్డు ఇస్తరు.

"అరుదైన జబ్బన్నా, ముందు రక్తహీనత సంగతి చూద్దాం" అని మన సోపతిగాళ్లే అంటున్నరు. జపాన్ 1970 నుంచి దేశమంతా లెక్క తీస్తున్నది. మన గూడేలల్ల, చెంచుపెంటలల్ల ఎవరు లెక్కపెట్టిన్రు, అరుదనడానికి?

బెదిరిచ్చుడు నా పని కాదు. నాళాలు దెబ్బతినని పిల్లలు మామూలుగనే పెరుగుతరు. కానీ దెబ్బతినలేదని ఎకో చెప్పాలె, మనం అనుకుంటే కాదు. ఐదు రోజులు జరం దిగకపోతే డాక్టర్‌ను అడుగుండ్రి: "ఇది కవాసాకి కావచ్చా? ఎకో రాయండి." రాయనంటే, ఎందుకు రాయరో చీటీ మీద రాసియ్యమనుండ్రి.

మా తండా పిల్లగానికి ఇప్పుడు ఏడేండ్లు. వానికొచ్చింది కవాసాకే అని నేను చెప్పలేను. సోమవారం వాణ్ని, వాళ్లమ్మను తీసుకొని బీబీనగర్ ఎయిమ్స్‌కు పోతున్న.