ఓడ రంగులో తగరం

ఇంగ్లండ్ నైరుతి తీరంలో ప్లిమత్ రేవు ఉంది. 1970లో స్టీఫెన్ బ్లేబర్ అనే పరిశోధకుడు అక్కడి రాళ్లను పట్టుకుని బతికే డాగ్‌వెల్క్ నత్తల్లో ఒక వింత గమనించారు. ఆడనత్తలకు మగ అంగం మొలిచింది. మరుసటి ఏడు అమెరికా తూర్పు తీరపు బురదనత్తల్లోనూ అదే కనిపించింది. ఇంపోసెక్స్ అన్న పేరు అప్పుడు పుట్టిందే. కారణం తేలడానికి మాత్రం 1981 దాకా పట్టింది. దోషి ఓడ అడుగుకు పూసే రంగు.

ఓడ అడుగున నాచు, బార్నకిల్స్ పట్టాయంటే వేగం పడిపోతుంది, ఇంధనం ఖర్చు పెరుగుతుంది. వాటిని చంపడానికే రంగులో ట్రైబ్యుటైల్ టిన్ కలిపేవారు. టిన్ అంటే తగరమే, మన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే లోహం. గిన్నెలో ఉన్నంతకాలం దానితో మనకు పేచీ లేదు. మూడు బ్యుటైల్ గొలుసులు తగిలాయా, అది జీవకణంలోకి చొరబడి హార్మోన్ల వ్యవస్థనే తారుమారు చేస్తుంది. నీటిలో లోహం ఎంతుందని కొలిచి ఊరుకుంటే చాలదు, ఏ రూపంలో ఉందో కూడా చూడాలి.

గ్రాములో వందకోట్లో వంతు నానోగ్రాము. లీటరు నీటికి అలాంటివి ఒకటి రెండు చాలు, ఆడనత్తలో మార్పు మొదలవుతుంది. మోతాదు పెరిగితే కొత్తగా మొలిచిన నాళం గుడ్లు బయటికొచ్చే దారిని మూసేస్తుంది. నత్త బతికే ఉంటుంది, సంతానం ఉండదు. నాలుగు రోజుల్లో సగం జీవాలు చస్తేనే విషమని తేల్చే మామూలు పరీక్షకు ఇది చిక్కదు. పైగా డాగ్‌వెల్క్ పిల్లలు నీటిలో కొట్టుకుపోవు, పుట్టిన రాతి మీదే పాకుతాయి. ఒక రాయి ఖాళీ అయితే మళ్లీ నిండటానికి ఏళ్లు పడుతుంది.

ప్రభుత్వాలను ముందుగా కదిలించింది ఈ నత్త కాదు, సంతలో ధర పలికే ఆల్చిప్ప. ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతిన్నాక, 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఈ రంగును నిషేధించింది. 1987లో బ్రిటన్ అదే దారి పట్టింది. పెద్ద ఓడలకూ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో గానీ అమల్లోకి రాలేదు. బ్లేబర్ చూసిన 38 ఏళ్లకన్నమాట!

ఇప్పుడు రంగుల్లో తగరం బదులు ఎక్కువగా రాగి వాడుతున్నారు. నత్త రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగే, కానీ మోతాదు మించితే అదే మొప్పలను దెబ్బతీస్తుంది. పాత తగరమూ పూర్తిగా పోలేదు, రేవుల అడుగు బురదలో దాగి ఉంది. గోవాలోని మార్మగోవాలో మగ అంగం మొలిచిన ఆడనత్తలు దొరికిన సంగతి 1999లోనే అచ్చయింది. ఓడల మరమ్మతులు సాగే విశాఖ లాంటి రేవుల్లో పూడిక తీసే ముందు, ఆ బురదలో తగరం ఏ రూపంలో ఉందో పరీక్షించాలి. తవ్వకంతో అది మళ్లీ నీటిలోకి లేస్తుంది.