వేంగికీ ఒక బస్సు వేయాలి

కార్తీక మాసం రాగానే ఆర్టీసీ పంచారామాలకు ప్రత్యేక బస్సులు నడుపుతుంది. భక్తులు ఒక్క రోజులో అమరావతి నుంచి సామర్లకోట దాకా అయిదు శివాలయాలూ చూసి వస్తారు. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడి దర్శనమూ అందులోదే. సామర్లకోట ఆలయాన్ని కట్టించినవాడు చాళుక్య భీముడని అక్కడ చెబుతారు. ఆ భీముడి వంశం ఏలిన వేంగి మాత్రం ఆ బస్సుల దారిలో లేదు.

నాటి వేంగే నేటి పెదవేగి. ఏలూరుకు ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్లే. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరుంది. అంటే 4వ శతాబ్దానికే ఉత్తరాది దాకా పేరు పాకిన రాజధాని ఇది. హస్తివర్మ వంశమైన శాలంకాయనుల తర్వాత, 7వ శతాబ్దంలో, బాదామి రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు తూర్పు చాళుక్య వంశాన్ని నిలబెట్టాడు. ఆ వంశం నాటిదే పండరంగడి అద్దంకి శాసనంలోని తెలుగు పద్యం. నన్నయ భారతానికి పూనుకున్నది ఆ వంశపు రాజరాజ నరేంద్రుడి కొలువులోనే.

ఉండి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఈ చరిత్ర ఒక్క రోజు ప్రయాణం. ఆకివీడు దాటి కైకలూరు దగ్గర ఆటపాక చేరితే గూడబాతులు చెట్ల మీదే కనిపిస్తాయి. ఏలూరు దారిలో కొల్లేటి మీదుగా సాగి, పెదవేగి దిబ్బలు చూసి, మధ్యాహ్నానికి కామవరపుకోట వైపు తిరిగితే గుంటుపల్లి బౌద్ధ గుహలు. అక్కడి గుండ్రటి చైత్యం పైకప్పులో కొండరాతినే కర్రవాసాల్లా చెక్కారు. క్రీస్తు పూర్వపు శిల్పులు తాము ఎరిగిన కర్ర ఇళ్లను రాతిలో నిలిపిన తీరు అది. లోపలి స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు.

పెదవేగిలో చూడటానికి ఏముంది, దిబ్బలే కదా అంటారు కొందరు.

నిజమే, అక్కడ గోపురాలు లేవు. అందుకే చెప్పే మనిషి కావాలి. హస్తివర్మ ఎవరో, చిత్రరథస్వామిని శాలంకాయనులు ఎందుకు కొలిచారో వివరిస్తే ఆ మట్టిదిబ్బే పిల్లలకు పాఠమవుతుంది. ఏలూరు, భీమవరం కళాశాలల్లో చరిత్ర చదివే విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, రోజుకూలి కట్టి ఈ పని అప్పగించవచ్చు. వేంగి రాజుల రాగిరేకు శాసనాల నకళ్లు, తెలుగు వివరణతో పెదవేగిలోనే ఒక గదిలో ఉంచవచ్చు. గుంటుపల్లి మెట్లెక్కే పెద్దవాళ్లకు తాగునీరు, నీడ చూసుకోవాలి.

కొల్లేటికి వలస పక్షులు వచ్చేదీ చలికాలంలోనే. వచ్చే కార్తీకంలో ఆర్టీసీ, పర్యాటక శాఖ కలిసి ఆదివారాలు భీమవరం నుంచి ఉండి, ఆటపాక, ఏలూరు మీదుగా పెదవేగి, గుంటుపల్లికి ఒక్క బస్సు నడిపి చూడాలి. టికెట్టుతో పాటు ప్రతి ప్రయాణికుడికీ వేంగి రాజుల కథ చెప్పే నాలుగు పేజీల తెలుగు పుస్తకం ఇవ్వాలి.