గ్రంథాలయంలో మన పిల్లలు ఎక్కడ?

మన పౌర గ్రంథాలయాల్లో దళిత, బహుజన యువత కనిపించడం లేదని ఈరోజు ఎవరూ అనలేరు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని జిల్లా కేంద్రాల వరకూ ఏ ఉదయం వెళ్లి చూసినా, తలుపులు తెరవకముందే అక్కడ నిలబడి ఉండేది వాళ్లే. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్, నోటిఫికేషన్ ఏదైనా కావచ్చు. పల్లెల నుంచి వచ్చి, ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి వండుకు తింటూ, పగలంతా గ్రంథాలయంలో గడిపే ఈ యువతీ యువకుల్లో చాలామంది తమ ఇంట్లో మొదటి తరం చదువరులు. కుర్చీ దొరకకపోతే మెట్ల మీద, చెట్టు నీడన కూర్చుంటారు. చేతిలో ఉండేది సాధారణంగా గ్రంథాలయ పుస్తకం కూడా కాదు, అప్పు చేసి కొనుక్కున్న గైడు. గ్రంథాలయం వాళ్లకు ఇస్తున్నది ఒక నీడ, ఒక ఫ్యాను, కాస్త నిశ్శబ్దం. అదైనా దొరుకుతున్నందుకు సంతోషించవలసిందే.

అయితే ఇదే భవనంలో ఆరేళ్ల దళిత బాలిక తండ్రి వేలు పట్టుకుని ఆదివారం ఉదయం బొమ్మల పుస్తకాలు తిరగేస్తున్న దృశ్యం ఎంత తరచుగా కనిపిస్తుంది? ఏటా ఎం.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుతుంటాను. మీరు మొదటిసారి పౌర గ్రంథాలయంలో అడుగుపెట్టినప్పుడు మీ పక్కన ఎవరున్నారు? ‘రూమ్మేట్’ అంటారు, ‘కోచింగ్‌లో పరిచయమైన అన్న’ అంటారు, ‘ఎవరూ లేరు సార్’ అని కూడా అంటారు. ఎప్పుడో ఒకరు ‘మా నాన్న’ అంటారు. ఆ నాన్న ఉపాధ్యాయుడో, ఆఫీసులో గుమాస్తానో అయి ఉంటాడు. ఇది సర్వే కాదు, తరగతి గదిలో విన్న జవాబులు మాత్రమే. కానీ సామాజిక శాస్త్రం చదివే పిల్లలు ఆ జవాబుల్ని ఒకరి తర్వాత ఒకరు వింటూ వాటిలోని కులాన్ని నేను చెప్పకుండానే పసిగడతారు.

ఇరవై రెండేళ్లకు పరీక్ష కోసం గ్రంథాలయానికి రావడానికీ, ఆరేళ్లకు ఏ పనీ లేకుండా రావడానికీ మధ్య తేడా వయసులో మాత్రమే లేదు. కుల సమాజంలో దళితుడు బహిరంగ స్థలంలోకి అడుగుపెట్టడానికి ఎప్పుడూ ఒక కారణం చూపవలసి వచ్చింది. ఊరి నడివీధిలోకి వచ్చాడంటే డప్పు కొట్టడానికి, చచ్చిన గొడ్డును తీయడానికి, కబురు మోయడానికి వచ్చి ఉండాలి. ఊరికే వచ్చానంటే కుదరదు. ‘ఎందుకొచ్చావ్?’ అన్న ప్రశ్న వినకుండా ఒక చోట కాసేపు కూర్చోగలగడం, భార్యాపిల్లలతో కలిసి కూర్చోగలగడం, ఆ చోటు తనదని ఒప్పించుకున్నవాడికే సాధ్యం. ఉద్యోగార్థి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉంది. హాల్ టికెట్టే అతని జవాబు. కుటుంబం దగ్గర అటువంటి జవాబు ఉండదు. అందుకే కుటుంబంతో గ్రంథాలయానికి వెళ్లడం మధ్యతరగతి వారాంతపు సరదాగా పైకి కనిపించినా, మన విషయంలో అది హక్కుల చర్చలోకే వస్తుంది.

అంబేడ్కర్ బాల్యాన్ని గుర్తు చేసుకుందాం. గోనెసంచి మీద కూర్చున్న బడి, అంటరాని కుండ, తాగనివ్వని నీళ్లు మనకు కంఠస్థం. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం. పింఛను డబ్బుతో ఇల్లు గడవని రోజుల్లో కొడుకు అడిగిన పుస్తకం కోసం పెళ్లయిన కూతుళ్ల దగ్గరకు వెళ్లి అప్పు తెచ్చేవాడు, డబ్బు లేదంటే వాళ్ల నగ తాకట్టు పెట్టేవాడు. బొంబాయి పరేల్‌లోని చావడిలో ఒకే గది. కొడుకును తొందరగా పడుకోబెట్టి, రెండు గంటల వేళ లేపి, చదువుకు కూర్చోబెట్టి తాను నిద్రపోయేవాడు. బడి వదిలాక ఆ బాలుడు చర్నీ రోడ్డు తోటలో కూర్చుని చదువుకునేవాడు. కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు అతన్ని అక్కడే గమనించి, పుస్తకాలు ఇచ్చి, తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర దాకా తీసుకెళ్లాడు. ఆ బాలుడికి తోట బెంచీయే పఠన మందిరమైంది. 1913లో, 22 ఏళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాక గానీ ఎవరి చూపూ అడ్డురాని మహా గ్రంథాలయం ఆయనకు దొరకలేదు. అన్నేళ్లు ఆయనలోని చదువరిని నిలబెట్టింది అప్పు చేసిన ఆ తండ్రి. తర్వాతి కాలంలో దాదర్‌లో తాను కట్టుకున్న ‘రాజగృహ’ను ఆయన పుస్తకాలను దృష్టిలో పెట్టుకునే కట్టించుకున్నాడు.

చట్టం తన మాట ఎప్పుడో చెప్పింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, ధర్మశాలలు, పాఠశాలలు, కార్యాలయాలు అంటరాని వారికి తెరవాలని ఎస్.కె. బోలే తీర్మానాన్ని 1923లో బొంబాయి శాసనమండలి ఆమోదించింది. అది కాగితం మీదే ఉండిపోయినందుకే 1927 మార్చి 20న మహద్ చెరువు దగ్గరకు నడవవలసి వచ్చింది. రాజ్యాంగం 15వ అధికరణం రెండో ఉపఖండం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లను పేరుపేరునా చెప్పి, ప్రభుత్వ నిధులతో నిర్వహించే ప్రజా స్థలాలన్నింటినీ కలిపింది. గ్రంథాలయం అన్న మాట అందులో విడిగా లేకపోయినా ఆ పరిధిలోనిదే. ఇప్పుడు గుమ్మం దగ్గర ఎవరూ కులం అడగరు. ఆ పనిని వేళలు, దూరం, పూచీకత్తు చేస్తాయి. శాఖా గ్రంథాలయం చాలాచోట్ల ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి ఉంటుంది. కూలికి వెళ్లే ఇంట్లో ఉదయం ఆ వేళకు జనం ఉండరు, సాయంత్రం ఆ వేళకు పొయ్యి రాజేయాలి. భవనం ఊళ్లో ఉంటుంది, వాడలో ఉండదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే రుసుముతో పాటు కొన్నిచోట్ల ఎవరో ఉద్యోగి పూచీ సంతకం కావాలి. వాడలో ఆ సంతకం చేసేవాడు ఎందరింటికి దొరుకుతాడు?

తెలుగు నేల మీద గ్రంథాలయోద్యమం గొప్పది, అందులో సందేహం లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయం, 1914లో అక్కడే తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం వెలిశాయి. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా ధారపోశాడు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్ల పల్లెలకు పంపాడు. ఆ పడవ ఆలోచన నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అయితే ఈ ఉద్యమం భాష కోసం, జాతీయ చైతన్యం కోసం నడిచినంత పట్టుదలగా కుల నిర్మూలన కోసం నడవలేదు. నాయకత్వంలో అధికులు అగ్రవర్ణాల వారు, పుస్తకాల బీరువా వెలిసింది వాళ్ల వీధుల్లోనే. అదే కాలంలో, అదే హైదరాబాదులో, 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ హరికథల ద్వారా వాడ జనానికి జ్ఞానాన్ని వినిపించాడు, దళిత పిల్లలకు బడులు తెరిచాడు. ఒక ఉద్యమం పుస్తకాన్ని బీరువాలో పెట్టింది, మరొకటి గొంతులో పెట్టింది. ఈ రెండు చరిత్రలనూ మన పాఠ్యపుస్తకాలు ఒకే పుటలో చెప్పిన దాఖలా నాకు కనిపించలేదు.

డబ్బు సంగతికి వద్దాం. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. వాడలోని రెండు గదుల ఇంటికి ఇచ్చే రసీదులోనూ ఆ పన్ను ఉంటుంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయవలసిన ఈ సొమ్ము ఏళ్ల తరబడి బకాయి పడుతుందన్నది పత్రికలు చదివేవారికి కొత్త విషయం కాదు. కట్టినవాడికి తాను కడుతున్నట్టు తెలియదు, తీసుకున్నవాడికి ఇవ్వాలన్న తొందర లేదు. చదువుకున్న దళిత యువకులు ముందు చేయవలసిన పని తమ ఇంటి పన్ను రసీదు తీసి, ఆ పంక్తిని అమ్మకూ నాన్నకూ చదివి వినిపించడం.

ఇక అందరూ వేసే ప్రశ్న ఒకటుంది. చదువు రాని తల్లి గ్రంథాలయానికి వెళ్లి ఏం చేస్తుంది? ఒక జిల్లా కేంద్రంలో నేను చూసిన సంగతి చెబుతాను. ఇద్దరు పిల్లలతో లోపలికి వచ్చిన ఒక తల్లిని కాపలాదారు ‘ఎవరి కోసమమ్మా?’ అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆమె తడబడి, ‘పిల్లలు చూస్తామంటే’ అంది. లోపల పెద్దపిల్ల పంటల బొమ్మల పుస్తకం తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. ఒక బొమ్మ కింద జొన్న అని ఉంది. ఆ తల్లి వంగి చూసి, ‘ఇది జొన్న కంకి కాదే, సజ్జ’ అంది. పిల్ల పుస్తకం వైపూ, తల్లి వైపూ మార్చి మార్చి చూసింది. అచ్చయిన అక్షరాన్ని అమ్మ దిద్దగలదని ఆ పిల్లకు బహుశా అప్పుడే తెలిసి ఉంటుంది. ఆ వెంటనే పక్క బల్ల మీద పరీక్షకు చదువుకుంటున్న ఒక అబ్బాయి ‘అక్కా, కొంచెం మెల్లగా’ అన్నాడు. తప్పు అతనిదీ కాదు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న పలక ఉంది, అతని పరీక్ష దగ్గర్లో ఉంది. తల్లి పిల్లల్ని లేపుకుని బయటకు వెళ్లిపోయింది.

ఒక బహుజన అవసరానికి మరో బహుజన అవసరాన్ని ఇలా పోటీ పెడుతున్నది మన ప్రణాళికలేమి. చదువు రాని పెద్దలున్న ఇంటి పిల్లలకు పైకి చదివే గది కావాలి. కథ వినగలిగే తల్లి, సామెతతో కథను పొడిగించే అవ్వ, బొమ్మలోని నాగలి భాగాల పేర్లు చెప్పగల తాత గ్రంథాలయానికి పనికిరానివాళ్లేమీ కాదు. వాళ్ల నోరు మూయించే నిశ్శబ్దం వాళ్లను గడప దాటించదు.

చెన్నైలో 2010లో ప్రారంభమైన అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగానికి ఒక అంతస్తులో విశాలమైన చోటు ఇచ్చారు. హాలులో కృత్రిమ వృక్షం, చుట్టూ బొమ్మల పుస్తకాలు ఉంటాయి. సొంత పుస్తకాలు తెచ్చుకుని పరీక్షలకు చదువుకునేవారికి వేరే విభాగం ఉంది. ఆ భవనాన్ని ఆసుపత్రిగా మార్చాలని 2011లో అక్కడి ప్రభుత్వం నిర్ణయిస్తే హైకోర్టు అడ్డుకుంది, నగరం దాన్ని వదులుకోలేదు. టీకొట్ల దగ్గర, పఠన మందిరాల్లో పత్రికలు పైకి చదివి వినిపిస్తూ పెరిగిన ద్రావిడ ఉద్యమం ఉన్న రాష్ట్రం అది. కేరళలో గ్రామీణ గ్రంథాలయాలకు అనుబంధంగా బాలవేదికలు, వనితావేదికలు పనిచేస్తాయి. ఆ రెండు రాష్ట్రాల్లో కులం లేదని నా ఉద్దేశం కాదు. తల్లీపిల్లలు గ్రంథాలయానికి రావచ్చునన్న ఆలోచనకు అక్కడ ఒక గది, ఒక పేరు ఉన్నాయి.

వాడలోనే వేరుగా గ్రంథాలయం కడితే సరిపోదా అని ప్రజాప్రతినిధులు అంటుంటారు. ప్రత్యేక అభివృద్ధి నిధి ఉంది కదా, కట్టేద్దామంటారు. కట్టవలసిందే, పిల్లల నడక దూరంలో పుస్తకం ఉండాలి. కానీ 1939లో అమెరికాలోని అలెగ్జాండ్రియాలో జరిగింది మరవరాదు. శామ్యూల్ టక్కర్ అనే నల్లజాతి న్యాయవాది ప్రణాళిక ప్రకారం ఐదుగురు యువకులు ఒకరి తర్వాత ఒకరు నగర గ్రంథాలయంలోకి వెళ్లి సభ్యత్వం అడిగారు. కాదన్నాక తలా ఒక పుస్తకం తీసుకుని వేర్వేరు బల్లల దగ్గర మౌనంగా చదువుతూ కూర్చున్నారు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. నగర పాలకులు చివరకు చేసిందేమిటంటే, మరుసటి ఏడాది నల్లవారికి వేరుగా ఒక చిన్న గ్రంథాలయం కట్టించి ఇవ్వడం. అక్కడ సభ్యత్వం ఇస్తామంటే టక్కర్ వద్దన్నాడు. వాడ గ్రంథాలయం ఊరి గ్రంథాలయంలోకి దారి కావాలి, దానికి బదులు కాకూడదు. ఒకే సభ్యత్వ కార్డు రెండుచోట్లా చెల్లాలి.

కుటుంబం వచ్చాక బీరువాలో ఏముందన్న ప్రశ్న వస్తుంది. రాజు, మంత్రి, వర్తకుడు, అగ్రహారం కథలు చదివి పెరిగిన తరాలు మనవి. చెప్పులు కుట్టే ఇల్లు, గొర్రెల మంద, చాకిరేవు పిల్లల పుస్తకంలో గౌరవంగా కనిపించడం ఆలస్యంగా మొదలైంది. 2007లో కంచ ఐలయ్య శ్రమ గౌరవం మీద పిల్లల కోసం రాసిన ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’కు దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. 2008లో అన్వేషి సంస్థ తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ పుస్తకాల్లో గోగు శ్యామల కథలు ఉన్నాయి. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకళలో చెప్పిన ‘భీమాయన’ 2011లో వచ్చింది. మీ జిల్లా గ్రంథాలయానికి వెళ్లి ఈ మూడింటిలో ఒక్కటైనా పిల్లల బీరువాలో ఉందేమో చూడండి. లేకపోతే సూచనల పుస్తకంలో రాసి, తేదీ వేసి, సంతకం చేసి రండి.

హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు ఆవిష్కృతమయ్యాయి. సెలవు రోజున అక్కడికి వెళ్లి చూడండి. జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు, చంకన పిల్లలు, సద్దిమూటలు, ఫొటోలు. మన జనం కుటుంబంతో, ఏ కారణమూ చెప్పకుండా, గర్వంగా తిరిగే బహిరంగ స్థలాలు అవి. పల్లెపల్లెనా ఉన్న ఆయన విగ్రహాల చంకలో పుస్తకం ఉంటుంది. వాటి పాదాల దగ్గర నుంచి గ్రంథాలయం మెట్ల దాకా అదే కుటుంబాన్ని నడిపించే బాధ్యతను అంబేడ్కర్ యువజన సంఘాలు తీసుకోవచ్చు. జయంతికీ వర్ధంతికీ ఖర్చు చేసే శక్తిలో కొంత చాలు.

జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే మొదలవుతాయి. ఆ వారం పిల్లల్ని బడి నుంచి వరుసలో తీసుకొచ్చి, వ్యాసరచన పోటీ పెట్టి, బహుమతులిచ్చి, వరుసలోనే వెనక్కి పంపుతారు. అక్కడా పరీక్షే. ఈసారి ఆ వారంలోని ఆదివారాన్ని పోటీలు లేకుండా వదిలేయమని జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులను అడగాలి. ఆ రోజు రాత్రి ఎనిమిదింటి దాకా తలుపులు తెరిచి ఉంచమని, పూచీకత్తు లేకుండా పిల్లలకు సభ్యత్వం ఇవ్వమని, ఒక గది గోడ మీంచి నిశ్శబ్దం పలకను తీసేయమని లిఖితపూర్వకంగా అడగాలి. వినతిపత్రానికి ఇంటి పన్ను రసీదు నకలు జతచేయడం మరవవద్దు.