పెళ్లికి సర్కారు పర్మిషన్

సి.బి. ముత్తమ్మ పేరు మనకు జనరల్ నాలెడ్జ్ బిట్టుగానే తెలుసు: ఇండియన్ ఫారిన్ సర్వీసులో తొలి మహిళ. కాస్త ఎక్కువ చదివినవాళ్లు, సర్వీసు నుంచి ఎదిగి రాయబారి అయిన తొలి మహిళ అని కూడా చెబుతారు. (విజయలక్ష్మీ పండిట్ అంతకుముందే మాస్కో వెళ్లారు గానీ, అది రాజకీయ నియామకం.) నా దృష్టిలో ముత్తమ్మ చేసిన అసలు పని ఇవేవీ కావు. ఉద్యోగంలో ఉంటూనే సొంత శాఖను సుప్రీంకోర్టుకు ఈడ్చారు.

కొడగులోని విరాజ్‌పేటలో 1924లో పుట్టి, మద్రాసులో చదువుకుని, 1949లో సర్వీసులో చేరారు. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని చేరేటప్పుడే ఆమె చేత రాయించుకున్నారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. 1970లో హంగేరీకి రాయబారిగా వెళ్లారు.

పోనీ, ఆ రాజీనామా షరతు తెల్లదొరల నాటి చాదస్తం అనుకుందామా? 1961లో మనవాళ్లు రాసుకున్న నిబంధనలు చూడండి. మహిళా అధికారి పెళ్లికి ముందు సర్కారు నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవాలి. పెళ్లయ్యాక సంసారం ఉద్యోగానికి అడ్డొస్తుందని సర్కారుకు తోస్తే రాజీనామా చేయమనొచ్చు. పెళ్లయిన స్త్రీ ఈ సర్వీసులో నియామకాన్ని హక్కుగా అడగకూడదు. మగ అధికారికి ఇవేవీ వర్తించవు. అప్పటికి రాజ్యాంగం వచ్చి పదకొండేళ్లు!

పై గ్రేడు ప్రమోషన్ ఇవ్వకపోవడంతో ముత్తమ్మ ఈ నిబంధనలనూ ఎత్తిచూపుతూ కోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే ప్రమోషన్ వచ్చేసింది. ఒక నిబంధనను 1973లోనే తీసేశామనీ, రెండోదీ పోతోందనీ సర్కారు వకీలు విన్నవించారు. గొడవ సద్దుమణిగినట్టే కదా అన్న ధోరణి అది. జస్టిస్ కృష్ణయ్యర్ అంత తేలిగ్గా వదల్లేదు. ఆడవాళ్లకు సంసారం అడ్డయితే మగవాళ్లకు కాదా అని 1979 సెప్టెంబర్ 17 నాటి తీర్పులో నిలదీశారు. ఆమెను దాటి ముందుకెళ్లిన జూనియర్ల విషయంలో సీనియారిటీని మళ్లీ చూడమన్నారు. ఒక్కొక్కరూ కోర్టుకొచ్చేదాకా ఆగకుండా, సర్వీసు రూల్సన్నింటిలోనూ ఆడా మగా తేడాను ఏరివేయమన్నారు. పిటిషన్ మాత్రం కొట్టేశారు. అయినా గెలిచింది ముత్తమ్మే.

ఆమె 1982లో రిటైరయ్యారు, 2009లో కన్నుమూశారు. విదేశాంగ కార్యదర్శి కుర్చీ ఆమెకు దక్కలేదు. 2001లో చోకిలా అయ్యర్ వచ్చేదాకా అది ఏ మహిళకూ దక్కలేదు.